పోర్టు క్యూలో మసి పట్టిన టర్బో డీజిల్ ఇంజన్: కార్బన్ తీసే పద్ధతి

బండి ఖాళీగా ఉన్నంతసేపు ఏ తేడా తెలియదు. చెన్నై శివారు మణలిలో లోడు ఎక్కించుకుని గుమ్మిడిపూండి దారి పట్టగానే పికప్ పోతుంది. ఫ్లైఓవర్ ఎక్కాలంటే ఒక గేరు దించాల్సిందే. అద్దంలో చూస్తే వెనక నల్ల పొగ, డీజిల్ లెక్క చూస్తే మైలేజ్ పడిపోయింది. మేస్త్రీకి ఫోన్ చేస్తే బండి చూడకుండానే "కార్బన్ పట్టుంటుంది అన్నా, తీసుకురా, క్లీన్ చేసేద్దాం" అంటాడు.

చాలాసార్లు అతని మాటే నిజమవుతుంది. కాకపోతే క్లీన్ చేయడంలో రెండు రకాలున్నాయి. స్ప్రే డబ్బా కొట్టి గంటలో పంపించేది ఒకటి, మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) విప్పి చేత్తో గీకి తీసేది ఇంకొకటి. ఇక్కడ చెప్పేది రెండోదాని గురించి. పికప్‌లు, మినీ లారీల్లో వచ్చే నాలుగు సిలిండర్ల టర్బో కామన్ రైల్ డీజిల్ ఇంజన్‌ని మనసులో పెట్టుకుని చెబుతున్నాను. పెద్ద లారీలకూ పద్ధతి ఇదే, సామాను బరువు మాత్రం ఎక్కువ. పానా పట్టడం అలవాటున్నవాళ్లు ఒక ఆదివారం కేటాయిస్తే అయ్యే పని. అలవాటు లేనివాళ్లకు కనీసం షెడ్డులో పక్కన నిలబడి ఏం అడగాలో తెలుస్తుంది.

ఈ మసి ఎక్కడి నుంచి వస్తుంది

కార్బురేటర్ పెట్రోల్ బండ్లలో ఇంధనం ఇంటేక్ వాల్వు మీదుగా లోపలికి పోతుంది కాబట్టి పోతూ పోతూ వాల్వుని కడిగేస్తుంది. ఈ డీజిల్ ఇంజన్లలో ఉండే డైరెక్ట్ ఇంజెక్షన్‌లో ఇంజెక్టర్ నేరుగా సిలిండర్‌లోకే కొడుతుంది. ఇంటేక్ దారిలోకి డీజిల్ చుక్క కూడా రాదు. అక్కడికి వచ్చేవి మూడే: టర్బో తోసే గాలి, ఈజీఆర్ వాల్వు వెనక్కి మళ్లించిన పొగ, ఇంజన్ బ్రీదర్ (లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి. పొగలోని పొడి మసికి ఆయిల్ ఆవిరి తోడైతే నల్లటి మడ్డి అవుతుంది. అది మానిఫోల్డ్ గోడలకీ వాల్వు కాడలకీ పట్టుకుని, రోజూ కొంచెం కొంచెంగా గట్టిపడుతుంది.

డీజిల్ ట్యాంకులో పోసే కార్బన్ క్లీనర్ సీసాల సంగతి కూడా దీన్ని బట్టే తేలిపోతుంది. ఆ మందు డీజిల్‌తో కలిసి ఇంజెక్టర్ ముక్కు దాకా పోతుంది, అక్కడ కాస్త పని చేస్తే చేయొచ్చు. ఇంటేక్ దారిలోకి అది వెళ్లనే వెళ్లదు. హైడ్రోజన్ గ్యాస్‌తో డీకార్బనైజింగ్ చేస్తామని చెప్పేవాళ్లని కూడా ఒకే ప్రశ్న అడగండి: మంట సిలిండర్‌లో ఉంటే, మానిఫోల్డ్‌లోని మడ్డి ఎలా కాలుతుంది? జవాబు విన్నాకే డబ్బులు తీయండి.

చెన్నై బండ్లకు ఈ తిప్పలు ఎక్కువ కావడానికి కారణం పోర్టు. కంటైనర్ పట్టుకుని ఎన్నూరు ఎక్స్‌ప్రెస్ రోడ్డులో క్యూలో నిలబడితే గంటల తరబడి ఇంజన్ ఐడిల్‌లోనే నడుస్తుంది. లోడు లేకుండా నడిచే ఇంజన్‌లో పొగ వేడి తక్కువ, వచ్చిన మసి కాలిపోదు. తక్కువ లోడులోనే ఈజీఆర్ కూడా ఎక్కువ పొగని వెనక్కి పంపుతుంది. అదే బండి నెల్లూరు దాకా నిలకడగా లోడుతో పరిగెడితే ఇంత మసి పట్టదు.

విప్పే ముందు, కార్బనే కారణమా?

నల్ల పొగ అంటే డీజిల్‌కి సరిపడా గాలి అందలేదని అర్థం. గాలి అందకపోవడానికి మసి ఒక కారణం మాత్రమే. కాబట్టి పైసా ఖర్చు లేని పరీక్షలు ముందు చేయండి. ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) రబ్బరు హోసులు చేత్తో ఒత్తి, కింది వైపు కూడా తడిమి చూడండి. చీలిక అక్కడే ఉంటుంది, పైకి కనపడదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బుస్సుమని గాలి పోయే చప్పుడు వస్తే, హోసు చుట్టూ ఆయిల్ తడి ఉంటే, మీ జబ్బు అదే. చీలిన హోసు పెట్టుకుని మానిఫోల్డ్ కడిగించుకున్నవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు.

తర్వాత ఇంజన్ కంప్యూటర్‌లోని తప్పుల కోడ్లు చదివే స్కానర్ పెట్టించండి. పి0401 వస్తే ఈజీఆర్‌లో పొగ సరిగ్గా పారడం లేదని, పి0299 వస్తే టర్బో గాలి ఒత్తిడి చాలడం లేదని, పి2463 వస్తే డీపీఎఫ్‌లో, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో, మసి నిండిందని అర్థం. మొదటిది వస్తే మన పని మొదలుపెట్టొచ్చు. రెండోది ఒక్కటే ఉంటే మళ్లీ హోసుల దగ్గరికి వెళ్లండి. మూడోది వేరే కథ. కడిగే ముందు డీపీఎఫ్ రీజనరేషన్ (ఫిల్టర్‌లో పట్టిన మసిని కాల్చేసుకోవడం) పూర్తవుతుందో లేదో చూసుకోవాలి.

సామాను

మానిఫోల్డ్ గ్యాస్కెట్, ఈజీఆర్ వాల్వు గ్యాస్కెట్, థ్రాటిల్ ఓ-రింగ్ కొత్తవి ముందే తెచ్చి పెట్టుకోండి. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో చాలా బండ్లకు దొరుకుతాయి, ఛాసిస్ నంబరు చెప్పి అడిగితే తేడా రాదు. పుదుపేట పాత సామాను మిగతా వాటికి ఎంత బాగున్నా, గ్యాస్కెట్ మాత్రం పాతది వద్దు. టార్క్ రెంచ్, నైలాన్ బ్రష్, ఇత్తడి బ్రష్, ప్లాస్టిక్ లేదా చెక్క గీకుడు పుల్లలు, కార్బ్ క్లీనర్ డబ్బాలు, కిరోసిన్ లేదా డీగ్రీజర్, సన్నటి పైపు తగిలించిన వాక్యూమ్ క్లీనర్, శుభ్రమైన గుడ్డలు కావాలి. కాటన్ వేస్ట్ వద్దు, దాని పోగులు లోపల మిగిలిపోతాయి.

చేతికి నైట్రైల్ గ్లోవ్స్, కళ్లకు అద్దాలు, మూతికి మంచి మాస్కు తప్పనిసరి. మన షెడ్లలో వీటిని చూస్తే నవ్వుతారు. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చి చెప్పింది. మీరు గీకేది ఆ పొగ వదిలిన మసినే.

విప్పడం

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. చదునైన చోట హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. తాళం తీశాక కొన్ని నిమిషాలు ఆగి బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పండి. క్యాబిన్ లేపే బండి అయితే లోపల వదులుగా ఉన్నవన్నీ కిందికి దించాలి: నీళ్ల క్యాను, జాకీ రాడ్డు, డాష్‌బోర్డు మీద వెంకన్న పటం. లేపిన క్యాబిన్‌కి లాక్ పడిందని కళ్లతో చూశాకే కింద తల పెట్టండి.

ప్రతి హోసు, ప్రతి కనెక్టర్ విప్పే ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. టేపు ముక్క అంటించి నంబరు రాసుకుంటే ఇంకా మంచిది. ఇంటర్‌కూలర్ నుంచి వచ్చే పైపు తీయగానే లోపల వేలు పెట్టి చూడండి. పల్చగా ఆయిల్ జిడ్డు ఉంటే మామూలే. వంచితే ఆయిల్ కారుతుంటే టర్బో సీలు పోయిందో, బ్రీదర్ మూసుకుపోయిందో ముందు చూడాలి.

ఇక్కడ ఒక గీత గీసుకోండి. ఇంజెక్టర్లకు పోయే ఉక్కు పైపుల జోలికి పోవద్దు. ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ పంచే కామన్ రైల్‌లో, ఇంజన్ లోడుతో నడిచేటప్పుడు ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది, పైగా విప్పినప్పుడు చిన్న ధూళి రేణువు దూరినా ఇంజెక్టర్ పోతుంది. ఆ పైపులు విప్పితే గానీ మానిఫోల్డ్ బయటికి రాదనుకుంటే ఆ బండిని మంచి షెడ్డుకు అప్పజెప్పడమే మేలు. ఈజీఆర్ కూలర్ కూడా తీయాల్సి వస్తే ముందు కూలెంట్ దించుకోవాలి.

మసి రంగు చూడండి

ఈజీఆర్ వాల్వు చేతికి రాగానే వెంటనే కడగడానికి దిగొద్దు, కాసేపు పరిశీలించండి. పొడిగా, నల్లగా, వేలితో తుడిస్తే రాలిపోయే మసి అయితే అది కేవలం పొగ. జిగటగా తారులా అంటుకుంటే ఆయిల్ ఎక్కువగా వస్తోంది, బ్రీదర్‌నీ ఆయిల్ సెపరేటర్‌నీ చూడాలి. తెల్లటి పొర కనిపించినా, ఒకచోట మాత్రం కడిగినట్టు శుభ్రంగా ఉన్నా ఈజీఆర్ కూలర్ లోపల లీకై కూలెంట్ వస్తోందని అనుమానించాలి. రేడియేటర్‌లో నీళ్లు తరచూ తగ్గుతుంటే ఆ అనుమానం ఇంకా గట్టిపడుతుంది. అప్పుడు మసి కడిగి లాభం లేదు, ముందు కూలర్ మార్చాలి.

వాల్వు మోటారు ఉన్న వైపు తడవకూడదు. మసి ఉన్న నోరు కిందికి ఉండేలా పట్టుకుని స్ప్రే కొట్టి, పది నిమిషాలు వదిలి, నైలాన్ బ్రష్‌తో రుద్దండి. వాల్వు కూర్చునే అంచు మీద ఉన్న పెచ్చు పూర్తిగా పోవాలి, లేకపోతే మూసుకున్నా పొగ కారుతూనే ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో తన్ని తెరవొద్దు, లోపలి పళ్లు విరుగుతాయి. థ్రాటిల్ రేకుకూ ఇదే మాట. మానిఫోల్డ్ మీద ఉండే బూస్ట్ సెన్సార్ ముక్కు మసితో పూడిపోయి ఉంటుంది. దానికి బ్రష్ తగలకూడదు, ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్‌తో రెండు సార్లు తడిపి ఆరబెట్టండి. ఎయిర్ ఫ్లో సెన్సార్‌కి దానికోసమే అమ్మే క్లీనర్ తప్ప వేరేది వాడొద్దు.

మానిఫోల్డ్

బయటికి తీసిన మానిఫోల్డ్‌లో ముందు పొడిగా గీకండి. పెద్ద పెచ్చులు ఊడాక డీగ్రీజర్ కలిపిన వేడినీళ్లలోనో కిరోసిన్‌లోనో నానబెట్టండి. రాత్రంతా నానితే సగం పని అదే చేసిపెడుతుంది. కాస్టిక్ సోడా వాడే మేస్త్రీలున్నారు. ఇనుముకి సరే, అల్యూమినియాన్ని అది తినేస్తుంది. గ్యాస్ టార్చ్‌తో కాల్చడం కూడా వద్దు. అల్యూమినియం వంగుతుంది, కిరోసిన్ తడి ఉంటే అంటుకుంటుంది. ప్లాస్టిక్ మానిఫోల్డ్ అయితే డబ్బా మీద ప్లాస్టిక్‌కి పనికొస్తుందని రాసి ఉన్న ద్రవమే వాడండి. లోపల స్వర్ల్ ఫ్లాపులు (గాలిని సుడి తిప్పే చిన్న రేకులు) ఉంటే అవి వేలితో తేలిగ్గా తిరుగుతున్నాయా, వదులైపోయాయా చూడండి. కడిగాక కంప్రెసర్ గాలితో ప్రతి మూలా ఆరబెట్టాలి. మసి కలిసిన కిరోసిన్‌ని కాలువలో పారబోయకండి, డబ్బాలో పట్టి పాత ఆయిల్ కొనే లైసెన్సు ఉన్నవాళ్లకి ఇవ్వండి.

హెడ్ పోర్టులు: అసలు ప్రమాదం ఉన్న చోటు

మానిఫోల్డ్ తీసిన మరుక్షణం హెడ్ మీద తెరుచుకున్న రంధ్రాలన్నిటినీ గుడ్డలతో మూసేయండి. ఎన్ని గుడ్డలు పెట్టారో కాగితం మీద రాసుకోండి. మళ్లీ బిగించేటప్పుడు అన్నీ బయటికి రావాలి.

ఒక్కో సిలిండర్ విడిగా చేయాలి. క్రాంక్ పుల్లీ బోల్టుకి సాకెట్ వేసి, ఇంజన్ మామూలుగా తిరిగే దిశలోనే చేత్తో తిప్పుతూ టార్చ్ వేసి పోర్టులోకి చూడండి. ఆ సిలిండర్ ఇంటేక్ వాల్వులు రెండూ పూర్తిగా మూసుకున్న చోట ఆపాలి. ముందు అర చెంచా క్లీనర్ పోసి రెండు నిమిషాలు చూడండి. నిలబడి ఉంటే వాల్వు మూసుకున్నట్టు. ఇంకిపోతే అక్కడే ఆగి, మళ్లీ తిప్పి సరిచూసుకోండి.

ఎందుకింత జాగ్రత్త అంటారా? రెండున్నర లీటర్ల ఇంజన్ అనుకుందాం. సిలిండర్‌కి 625 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి 17 అయితే, పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు సుమారు 39 సీసీ. టీ కొట్టు గ్లాసులో సగం కూడా ఉండదు. అంతకు మించి ద్రవం లోపలికి దిగిందంటే, స్టార్టర్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. గాలి నలుగుతుంది గానీ ద్రవం నలగదు. గట్టి కార్బన్ పెచ్చు పడినా ముప్పే. అది పిస్టన్‌కీ వాల్వుకీ మధ్య నలిగితే ఒక నష్టం, నలగకుండా బయటికి పోతే నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే టర్బో రెక్కకి తగిలి ఇంకో నష్టం.

వాల్వు మూసుకుందని ఖాయమయ్యాక కొంచెం క్లీనర్ పోసి పావుగంట నాననివ్వండి. చెక్క పుల్లతో, నైలాన్ బ్రష్‌తో వాల్వు కాడ చుట్టూ తిప్పుతూ గీకండి. మెత్తబడ్డ మడ్డిని గుడ్డతో అద్ది తీసేయాలి. ద్రవం పూర్తిగా ఆరాకే పొడి మసిని వాక్యూమ్‌తో లాగండి. కిరోసిన్ ఆవిరి ఉండగా ఇంట్లో వాడే వాక్యూమ్ పెడితే నిప్పురవ్వకి అంటుకోవచ్చు. మళ్లీ పోయండి, మళ్లీ గీకండి. విసుగొచ్చే పని, ఒక్కో సిలిండర్‌కి మూడు నాలుగు విడతలు పట్టొచ్చు. వాల్వు వీపు మెరవక్కర్లేదు, పెచ్చు పోతే చాలు. వాల్‌నట్ పెంకుల పొడిని గాలితో కొట్టే మిషన్ ఉన్న షెడ్డు దొరికితే పని తొందరగా అవుతుంది, లోహం గీరుకుపోదు. దానికి కూడా వాల్వులు మూసుకునే ఉండాలి.

ఇంజన్ నడుస్తుండగా ఇంటేక్‌లోకి క్లీనర్ కొట్టే పద్ధతి డీజిల్‌కి నేను ఒప్పుకోను. స్ప్రే కూడా మండేదే. లోపలికి పోయిన ద్రవాన్ని డీజిల్ ఇంజన్ ఇంధనంలాగే కాల్చేస్తుంది, తాళం తీసినా ఆగకుండా ఆర్‌పీఎం పెరిగిపోయే ప్రమాదం ఉంటుంది. దానికి తోడు ఊడిన పెచ్చులు ఎటు పోతాయో మన చేతిలో ఉండదు.

టర్బో గురించి క్లుప్తంగా. చల్లని వైపు ఫ్యాన్‌ని వేలితో తిప్పి చూడండి. పక్కలకు అతి కొద్దిగా ఊగితే మామూలే. ముందుకూ వెనక్కీ కదిలినా, రెక్క గోడకి రాసుకున్నా టర్బో పని అయిపోతోంది. వేడి వైపు వేన్లు (పొగని మళ్లించే కదిలే రేకులు) మసికి బిగుసుకుపోతే దాన్ని టర్బో రిపేరు చేసేవాళ్లకే ఇవ్వండి. అందులో స్ప్రే కొట్టి కదిలించే పని ఇంట్లో చేసేది కాదు.

బిగించి స్టార్ట్ చేయడం

గుడ్డలు లెక్కపెట్టుకోండి. కొత్త గ్యాస్కెట్లు వేసి, బోల్టులు మధ్య నుంచి బయటి వైపుకి, రెండు మూడు విడతలుగా బండి మాన్యువల్ చెప్పిన టార్క్‌కి బిగించండి. బ్యాటరీ తగిలించే ముందు క్రాంక్‌ని చేత్తో పూర్తిగా రెండు చుట్లు తిప్పండి. అక్కడక్కడ బరువుగా తగిలి, మెల్లగా నొక్కితే కదులుతుంది, అది కంప్రెషన్. ఎంత నొక్కినా ఒకే చోట ఆగిపోతే స్టార్టర్ ముట్టుకోవద్దు, లోపల ఏదో ఉంది.

ఇంజన్ ఆయిలూ ఫిల్టరూ ఇప్పుడే మార్చేయండి, రింగుల పక్క నుంచి కొంత క్లీనర్ కిందికి దిగే ఉంటుంది. డీపీఎఫ్ ఉన్న బీఎస్6 బండికి బూడిద తక్కువ వచ్చే ఆయిల్, అంటే సీకే-4 వంటిది, పుస్తకంలో రాసిన గ్రేడే పోయాలి. చవకగా వచ్చిందని పాత గ్రేడు పోస్తే ఆ బూడిద డీపీఎఫ్‌లో చేరి, ఏ రీజనరేషన్‌కీ కాలదు.

మొదటి స్టార్ట్‌లో కాసేపు పొగ, కొంచెం తడబాటు ఉంటాయి, టెన్షన్ పడొద్దు. సర్దుకున్నాక స్కానర్‌తో పాత కోడ్లు చెరిపి, ఈజీఆర్ వాల్వు కొత్త స్థానాన్ని నేర్చుకునే రీసెట్ ఉంటే చేయించండి. తర్వాత లోడుతో హైవే మీద నిలకడగా ఒక గంట నడిపి వచ్చి, హోసు క్లాంపులన్నీ మళ్లీ ఒకసారి బిగించండి.

మళ్లీ పట్టకుండా

క్యూ కదలనప్పుడు ఇంజన్ ఆపేయండి. వేసవిలో చెప్పడం తేలికే, క్యాబిన్‌లో కూర్చున్నవాడికి తెలుస్తుంది ఆ ఉక్క. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, పెద్ద లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది కాబట్టి, ఏసీ కోసం ఐడిల్‌లో ఉంచడం ఇంకా పెరిగేలా ఉంది. ఓనర్లు డ్రైవర్‌ని తిట్టే ముందు ఈ సంగతి ఆలోచించాలి.

ఇంకో పాత అలవాటు మన షెడ్లలో ఉంది. ఇంజన్ వేడెక్కుతోందంటే థర్మోస్టాట్ పీకి పారేస్తారు. అప్పటికి వేడి తగ్గుతుంది, కానీ ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాక మసి ఎక్కువ పడుతుంది. మీ బండిలో థర్మోస్టాట్ ఉందో లేదో ఈసారి కూలెంట్ దించినప్పుడు చూడండి, లేకపోతే కొత్తది వేయించి, వేడెక్కడానికి అసలు కారణం వెతికించండి. ఆయిల్ లెవల్ మాక్సిమమ్ గీత దాటకూడదు, దాటిన ఆయిల్ బ్రీదర్ దారిలో ఇంటేక్‌కే వస్తుంది. డీపీఎఫ్ రీజనరేషన్ లైటు వెలిగినప్పుడు మధ్యలో ఇంజన్ ఆపొద్దు, ఎండుగడ్డి మీద బండి పెట్టొద్దు. ఆ సమయంలో లోపల వేడి 600 డిగ్రీల దాకా పోతుంది.

ఈజీఆర్‌కి రేకు అడ్డం పెట్టేస్తే మసి గొడవే ఉండదని సలహా ఇచ్చేవాళ్లు మాధవరంలోనే కాదు, ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మసి తగ్గే మాట నిజమే. కంపెనీ ఇచ్చిన బండి స్వరూపాన్ని అలా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌తో చిక్కు తెస్తుంది. బీఎస్6 బండి కంప్యూటర్ దాన్ని పట్టేసి లైటు వెలిగిస్తుంది, కొన్ని బండ్లలో పవర్ కూడా తగ్గించేస్తుంది. అప్పుడు మళ్లీ మొదటికే వస్తారు: లోడు ఎక్కిస్తే లాగని బండి, ఈసారి దానికి తోడు ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) వెళ్లినప్పుడు జవాబు చెప్పుకోవాల్సిన రేకు ముక్క.